గురునాథరావు వేళ్ళు

భిలాయి,
నవంబరు 16

ప్రియమైన సుచీ,

ఉత్తరాలు రాయమన్నది నువ్వే కాబట్టి, తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్ది తిప్పి పంపకు. పద్నాలుగేళ్ళు బడిలో పిల్లలకి చేసింది చాలు. ఫోన్లో నా "ఆఁ, ఆఁ" తప్ప నీకేమీ వినబడదని అన్నావు. నిజమే. ఇన్నేళ్ళ గ్రైండర్ మోతకి నా చెవులు సగం పోయాయి. తిన్నావా, తిన్నాను, ఉంటా మరి. ఈ మూడు ముక్కలకి ఫోనెందుకు? అంతకంటే కాగితమే నయం.

నువ్వు విశాఖపట్నం వెళ్ళి నాలుగు నెలలైంది. ఇల్లు బాగానే ఉంది. అమ్మ రోజూ నీ గది ఊడ్చి, "పిఎచ్‌డీ అంటే ఇంకా ఎన్నాళ్ళేటి?" అని నన్నడుగుతుంది. మూడేళ్ళని చెప్తే నేనేదో దాస్తున్నానన్నట్టు చూస్తుంది. ఇక్కడ చలి అప్పుడే మొదలైంది. నెహ్రూ నగర్ నుంచి హథ్‌ఖోజ్‌లో మా వర్క్‌షాపు దాకా బండి మీద వెళ్ళేసరికి ముక్కు నాది కాదనిపిస్తోంది.

ఇక అసలు సంగతి. మా షాపులో గురునాథరావు అని ఒకడున్నాడు. నువ్వు వెళ్ళాక చేరాడు, నీకు తెలియదు. నాలాగే పోత ఇనుము అంచులు గ్రైండర్ పెట్టి నునుపు చేసే పని. అంతకుముందు రాయపూర్‌లో పదేళ్ళు ఇదే చేశాడు. పొద్దున్న చల్లటి ఇనుము ముట్టుకోగానే వాడి వేళ్ళ చివర్లు ఒక్కొక్కటే తెల్లబడతాయి. గీత గీసినట్టు అక్కడిదాకా తెలుపు, ఆ పైన మామూలు. కాసేపు గిల్లినా తెలియదు. తర్వాత నీలంగా తిరిగి, టీ గ్లాసు పట్టుకుంటే ఎర్రబడి మంటెత్తుతాయి. చొక్కా బొత్తాలు పెట్టుకోలేకపోతున్నాడు పాపం. సన్నటి రక్తనాళాల మీదే కదా నీ చదువు? కొంచెం వివరంగా రాయి. వాడికి చదివి వినిపిస్తాను.

నీ
ఉమేష్

*

విశాఖపట్నం,
నవంబరు 24

ప్రియమైన శ్రీవారికి,

తప్పులు ఏడు. దిద్దలేదు, దాచుకున్నాను.

ఇక్కడ నా పనేమిటో మీకు సరిగ్గా చెప్పనేలేదు. మైక్రోస్కోపు కింద ఎలుక పేగుల పక్కనుంచి ఒక సన్నటి రక్తనాళాన్ని విడదీస్తాను. రెండు మూడు తలవెంట్రుకలు కలిపితే ఎంతో అంత మందం ఉంటుంది. దాని రెండు చివర్లూ గాజు సూదులకి తొడిగి, కంటికి ఆనని దారంతో ముడేసి, ఒంటి వేడికి తగ్గట్టు వెచ్చబెట్టి, లోపలికి ఉప్పునీటిని ఒత్తిడితో ఎక్కిస్తాను. మొదటి పదిహేను రోజుల్లో పంతొమ్మిది నాళాలు తెంపాను. "నీ చేతులు తొందరపడుతున్నాయమ్మా" అన్నారు మా గైడు కమలాకుమారి గారు. పూలు కూడా సరిగ్గా కట్టలేనిదాన్నని ఆవిడకి చెప్పలేదు.

చివరికి ఒకటి నిలిచింది. ఒత్తిడి పెంచాను. సైకిల్ ట్యూబులా ఉబ్బుతుందనుకుంటాం కదా! ఉబ్బినట్టే ఉబ్బి, మెల్లగా తనంత తనే బిగుసుకుంది. ఒంట్లోంచి తీసేసిన నాళం అది. చెప్పేందుకు మెదడు లేదు, నరం లేదు. అయినా దాని పని అది చేసింది. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. ఆవిడ చూడకుండా తుడుచుకున్నాను.

ఎలా బిగుస్తుందంటే, నాళం గోడలో కండర కణాలు గుండ్రంగా చుట్టుకుని ఉంటాయి. వాటి పైపొరలో చిన్న చిన్న ద్వారాలు ఉంటాయి. కాల్షియంని మాత్రమే లోపలికి రానిస్తాయి. ఒత్తిడికి గోడ సాగితే కణంలో విద్యుత్తు మారి ఆ ద్వారాలు తెరుచుకుంటాయి, కాల్షియం లోపలికొస్తుంది, కండరం బిగుస్తుంది, నాళం సన్నబడుతుంది. పొటాషియంని బయటికి పంపే ద్వారాలు వేరే ఉన్నాయి. అవి తెరుచుకుంటే కణం నెమ్మదించి కాల్షియం ద్వారాలు మూసుకుంటాయి. ఈ రెండింటి మధ్యా నాళం ఎప్పుడూ సగం బిగువులోనే ఉంటుంది. ఆ బిగువు ఉండాలి కూడా. పూర్తిగా వదులైపోతే మనిషి లేచి నిలబడగానే కళ్ళు తిరిగి పడిపోతాడు.

చలికి వేళ్ళలో నాళాలు బిగియడం అందరికీ ఉన్నదే. గురునాథరావు గారికి ఏళ్ళ తరబడి మిషను అదురుకి అవి అతిగా బిగియడానికి అలవాటు పడ్డాయి. రక్తం ఆగిపోతోంది, అందుకే ఆ తెలుపు. కాల్షియం ద్వారాలు తెరుచుకోకుండా పట్టి ఉంచే మాత్రలున్నాయి. బీపీకి ఇచ్చేవాటిలో చాలా మటుకు అవే. వేసుకుంటే నాళం వదులై వేళ్ళకి రక్తం వస్తుంది. డాక్టరుకి చూపించుకునే వేసుకోవాలి, సొంతంగా కొనకూడదు. చేతులు వెచ్చగా ఉంచుకోవాలి, బీడీ మానాలి. గ్రైండరు వదిలెయ్యడం మంచిది.

మీరు మఫ్లర్ కట్టుకునే వెళ్తున్నారా? బీరువాలో రెండో అరలో ఉంది.

మీ
సుచిత్ర

*

భిలాయి,
డిసెంబరు 6

ప్రియమైన ప్రొఫెసర్ గారికి,

నీ ఉత్తరం టీ వేళ షాపులో బిగ్గరగా చదివాను. తెలుగు రానివాళ్ళకి హిందీలో చెప్పాను. కాల్షియం ద్వారాల దగ్గరికి వచ్చేసరికి అందరూ టీ తాగడం మానేశారు. నువ్వు ఏడ్చిన చోటు మాత్రం దాటేశాను, అది నాది. "అరె భయ్యా, భాభీ తో డాక్టర్ నికలీ!" అని, వదిన ఏకంగా డాక్టరేనంటూ ఒకడు నా వీపు చరిచాడు. నాకు రెండు రోజులు నేల మీద కాలు ఆనలేదు.

గురునాథరావు దుర్గ్ వెళ్ళి డాక్టరుకి చూపించుకున్నాడు. నువ్వు రాసిన రకం మాత్రే ఇచ్చాడట. వాడి భార్య నీకు దణ్ణం చెప్పమంది.

ఇంట్లో ఒక చిక్కొచ్చి పడింది. అమ్మ కూడా ఉత్తరం చదివించుకుంది. మర్నాటి నుంచి నాకు పాలు లేవు, పెరుగు లేదు. ఏమిటమ్మా అంటే, "కాల్సియం లోపలికెల్తే బిగుసుకుపోద్దని నీ పెళ్ళావే రాసింది కదేటి. పెరుగులో ఉన్నదేటి మరి? అదే! ఒగ్గీ." తన కిళ్ళీలో సున్నం కూడా మానేసింది. సున్నం లేని కిళ్ళీ నమిలి ఆ కోపం నా మీద చూపిస్తోంది. వారం రోజులుగా పప్పుచారుతోనే భోజనం ముగిస్తున్నాను. కాస్త నువ్వే ఏదో ఒకటి రాసి నన్ను కాపాడు.

మజ్జిగ చుక్కకి మొహం వాచిన
నీ ఉమేష్

*

విశాఖపట్నం,
డిసెంబరు 13

ప్రియమైన శ్రీవారికి,

ముందు ఈ పేరా అత్తయ్యకి చదివి వినిపించండి. అత్తయ్యా, తిండిలో కాల్షియం వేరు, ఆ ద్వారాల సంగతి వేరు. మనం తిన్నా మానినా ఒళ్ళు రక్తంలో కాల్షియంని ఒకే లెక్కలో ఉంచుకుంటుంది. తినకపోతే ఎముకల్లోంచి లాక్కుంటుంది. మాత్ర ఆ ద్వారాన్ని మూసి ఉంచుతుందే తప్ప కాల్షియంని తీసెయ్యదు. మీ అబ్బాయికి గడ్డపెరుగు వేయండి. మీ కిళ్ళీ మీరు సుఖంగా నమలండి.

ఇప్పుడు మీకు. వేళ్ళు తెల్లబడేది గురునాథరావు గారికి కదా. అత్తయ్య మీకెందుకు పెరుగు మాన్పించారు?

జవాబు చెప్పక్కర్లేదు. పద్దెనిమిదేళ్ళ కాపురంలో మీకు జ్వరమొచ్చినా పక్కింటాయనకి వచ్చినట్టే చెప్పారు. మీరు అలాగే చెప్పండి, నేనూ గురునాథరావు గారికే రాస్తాను. ఆయనకి చదివి వినిపించండి, ఒక్క ముక్క కూడా దాటెయ్యకుండా.

గురునాథరావు గారూ, మీ చేతిపని ఎంత గొప్పదో నాకు తెలుసు. తొడుగు తీసేసి, ఉత్త వేలితో అంచు తడిమి, ఇంకో నూలు మందం తియ్యాలని చెప్పగలరు మీరు. ఆ వేలు పోతే ఆ విద్యా పోతుంది. దయచేసి గ్రైండరు వదిలెయ్యండి. తనిఖీ బల్ల దగ్గర కూర్చోండి, సిగ్గుపడకండి. పొద్దున్న వేళ్ళు తెల్లబడినప్పుడు మీ భార్య రెండు చేతుల మధ్యా పెట్టుకుని అవి ఎర్రబడేదాకా ఉండండి. ఆవిడకి పనున్నా ఫరవాలేదు, పొయ్యి మీదది మాడితే మాడనివ్వండి. ఒకవేళ ఆవిడ ఊళ్ళో లేకపోతే ఒక్క మాట రాయండి చాలు. ఎంత చదువున్నా, ఎంత పనున్నా పక్కన పడేసి వచ్చేస్తుంది. ఆవిడ తరఫున నేను హామీ.

మీ
సుచిత్ర

*

భిలాయి,
డిసెంబరు 27

ప్రియమైన సుచీ,

జవాబు ఆలస్యమైంది. పెద్ద ఆర్డరొచ్చింది, ఊపిరాడటం లేదు. అక్షరాలు వంకరగా ఉంటే తిట్టుకోకు, చలికి పెన్ను జారుతోంది.

నీ ఉత్తరం గురునాథరావుకి పూర్తిగా చదివాను. వాడు వింటూ తల దించుకుని కూర్చున్నాడు. ఒట్టేసి చెప్తున్నాను, సోమవారం నుంచి గ్రైండరు వదిలేశాడు. తనిఖీ బల్ల దగ్గర కూర్చుంటున్నాడు. వాడి భార్య ఊళ్ళోనే ఉంది, నువ్వు చెప్పినట్టే రోజూ పొద్దున్న చేతులు పట్టుకుంటోందట. వేళ్ళు ఎర్రగా తిరిగాయి, బొత్తాలు పెట్టుకుంటున్నాడు. నువ్వు ఎవరికీ హామీ ఉండక్కర్లేదు. ఎవరూ చదువు పక్కన పడెయ్యక్కర్లేదు.

మాత్ర వేసుకుంటే చీలమండలు వాస్తాయా? తల బరువుగా ఉంటుందా? గురునాథరావు అడగమన్నాడు.

పెరుగు తిరిగొచ్చింది. అమ్మ నిన్ను మెచ్చుకుంది, నాకు చెప్పొద్దంది.

నీ
ఉమేష్

*

విశాఖపట్నం,
జనవరి 3

ప్రియమైన శ్రీవారికి,

ఎంత మంచి ఉత్తరం రాశారండీ! మూడుసార్లు చదివాను. గ్రైండరు వదిలేశాడు అన్న వాక్యం కింద గీత కూడా గీశాను. నిజానికి సెలవు పెట్టి వచ్చేద్దామని దుర్గ్‌కి టికెట్ చూసుకున్నాను. ఇక అక్కర్లేదు.

వాపు రావచ్చు. కాళ్ళలో సన్నటి నాళాలు వదులైతే నీరు బయటికి ఊరుతుంది. తలబరువు కూడా అందుకే. డాక్టరుకి చెప్తే మోతాదు తగ్గిస్తాడు. పడుకునేటప్పుడు కాళ్ళ కింద దిండు పెట్టుకోమనండి.

నిన్న నా నాళం నాలుగు గంటలు బిగువు తప్పకుండా నిలిచింది. మాత్రలో ఉండే మందు చుక్క వేయగానే పువ్వులా విచ్చుకుంది. "ఇప్పుడు కుదిరిందమ్మా నీ చెయ్యి" అన్నారు కమలాకుమారి గారు. మనసు నిమ్మళంగా ఉంటే చెయ్యి కూడా మాట వింటుంది కాబోలు.

గురునాథరావు గారికి నా ముద్దులు. పొరపాటు, నమస్కారాలు.

మీ
సుచిత్ర

*

విశాఖపట్నం,
జనవరి 29

ఏమండీ,

నిన్న మధ్యాహ్నం, భిలాయి నుంచి నాకోసం ఎవరో వచ్చారని మా హాస్టల్ వాచ్‌మన్ పిలిచాడు. మీరేననుకుని మెట్లు పరిగెత్తుకుంటూ దిగాను. గుమ్మంలో ఒకాయన, పక్కన ఆవిడ, చేతిలో స్వీట్ల డబ్బా.

"నమస్తే భాభీ, నేను గురునాథరావునండి. ఉమేష్ భయ్యా షాపులో సేస్తాను. మా మరదలి పెళ్ళికి సోంపేట ఎల్తన్నాం. మిమ్మల్ని సూడకుండా ఎల్తే మా ఆవిడ ఊరుకోదు."

ఆయన చేతులు చూపించాడు. పది వేళ్ళూ గులాబీ రంగులో ఉన్నాయి. ఆవిడ నా దగ్గరికొచ్చి మెల్లగా అంది: "మీరు రాసినట్టే రోజూ సేతులు పట్టుకుంటన్నానమ్మా. మొదట్లో సిగ్గేసింది. పెళ్ళైనప్పుడు కూడా ఈయన సెయ్యి అంతసేపు పట్టుకోలేదు. పొయ్యి మీద కూర రెండుసార్లు మాడింది." వాళ్ళిద్దరూ నవ్వారు. ఈయన నిజంగానే ఉన్నాడే అనుకుంటూ నేను మళ్ళీ ఆయన వేళ్ళే చూశాను.

కాళ్ళ వాపు తగ్గిందా అని అడిగాను.

"నాకు వాపేటి భాభీ? వాసింది భయ్యాకి కదా. డాక్టర్ లేదు, ఏటి లేదు, డాక్టర్ నాకు రాసిన మందుల సీటీ సూసి మెడికల్ షాపులో కొనేసి రోజుకి రెండేసి ఏసుకుంటన్నాడు. నేను గ్రైండర్ ఒగ్గేత్తే ఆర్డర్ ఆగిపోద్దన్నాడు సేటు. నేను సూసుకుంటాను, ఈడిని బల్ల కాడ కూర్సోబెట్టండి అన్నాడు భయ్యా. ఇప్పుడు నా మిషన్ కూడా ఆయనే నడుపుతన్నాడు. మీకు తెలవదేటి?"

నాకు తెలవదు. నాకేమీ తెలవదు. గురునాథరావు అనే మనిషి ఉన్నాడనే తెలవదు. నేను మీకనుకుని రాసిన ఉత్తరాలన్నీ ముక్కూ మొహం తెలియని ఆ ఇద్దరికీ అందాయి. వాళ్ళు తు.చ. తప్పకుండా పాటించి బాగుపడ్డారు. నా మొగుడికి ఒక్కటీ అందలేదు. నేను ఎంత తెలివైనదాన్నో! మీ ఆట కనిపెట్టేశానని మురిసిపోయి, మీరు రాసిన నిజాన్ని మీ మీదికి తిప్పుకుని చదివి, చూసుకున్న టికెట్‌ని వదిలేసి హాయిగా కూర్చున్నాను.

తప్పు నాది కూడా. మొదటి ఉత్తరంలో కాల్షియం గురించి రెండు పేజీలు రాశాను, గ్రైండరు వదలమని ఒక్క వాక్యం రాశాను. మీరు ఆ రెండు పేజీలే పట్టుకున్నారు. వినండి. మాత్ర రక్తాన్ని తెస్తుంది, అంతే. అదురుకి వేళ్ళలో నరాలు చచ్చిపోతూనే ఉంటాయి. వేళ్ళు ఎర్రగా కనబడుతున్నాయని మీరు రెండు మిషన్లు పట్టుకుంటే, బాగున్నట్టు కనబడుతూనే పోతాయి. అది నేనే మీకు నేర్పాను.

కమలాకుమారి గారికి చెప్పేశాను, వచ్చే నెలాఖరుతో చదువు మానేస్తున్నానని. వద్దని రాయకండి, ఫోన్ చెయ్యకండి. మీ మీద ఎంత కోపంగా ఉందంటే, వచ్చి మీ రెండు చేతులూ పట్టుకుని నెల రోజులు వదలను.

సుచిత్ర

*

భిలాయి,
ఫిబ్రవరి 7

ప్రియమైన సుచీ,

ఫోన్లో "మానొద్దు, ఉత్తరం రాస్తున్నా" అని చెప్పి పెట్టేశాను కదా.

నేను అబద్ధం రాయలేదు, సగం రాశాను. వాడికీ నిజమే, నాకూ నిజమే. నాది రెండు చలికాలాలుగా ఉంది. నువ్వు ఇక్కడున్నప్పుడు కూడా పొద్దున్న స్నానాల గదిలో వేణ్ణీళ్ళలో చేతులు ముంచి కూర్చునేవాణ్ణి. ఇంతసేపేమిటని నువ్వు తలుపు కొట్టేదానివి.

ఎందుకు చెప్పలేదంటే, నీకు సీటు వచ్చిన రోజు వంటింట్లో నిలబడి ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదివావు. పప్పు పొంగి పొయ్యి ఆరిపోయినా చూడలేదు. నీకు నలభై ఏళ్ళు, ఆ రోజు పదిహేడేళ్ళ పిల్లలా ఉన్నావు. నా వేళ్ళ గురించి చెప్తే మర్నాడు రైలెక్కుతావని నాకు తెలుసు. ఎక్కుతానన్నావు కూడా చూశావా! గురునాథరావుని బల్ల దగ్గరికి పంపేసి వాడి మిషను ఎందుకు తీసుకున్నానంటావా? నీ ఉత్తరం చదువుతుంటే, ఇద్దరిలో ఒకడైనా నీ మాట వినాలనిపించింది. వాడికి పక్కన భార్య ఉంది. నా పక్కన నీ చదువు ఉండాలనుకున్నాను.

నీ ఉత్తరం అమ్మ చదివించుకుంది. మధ్యలో రెండుసార్లు ఆపమంది. అయ్యాక నా చేతులు తన ఒళ్ళో వేసుకుని, "ఇనప ముక్క గరుగ్గా ఉంటే ఎవుడికి, నున్నగా ఉంటే ఎవుడికిరా? ఆ పిల్ల నీకోసం సదువొగ్గేస్తానంటంది. నువ్వు దానికోసం మిషనొగ్గలేవేటి?" అంది.

మర్నాడే సేటుకి చెప్పేశాను. ఇరవై రెండేళ్ళ పని, రెండు నిమిషాల్లో అయిపోయింది. ఆయన గొణిగాడు కానీ, అప్పటికే గురునాథరావు సోంపేట నుంచి తిరిగొచ్చి, అదురు సంగతి నువ్వు వాడికి చెప్పిందంతా అందరికీ చెప్పేశాడు. ఇప్పుడు నలుగురూ వంతులేసుకుని, ఒకడు అరగంట కంటే ఎక్కువ గ్రైండరు పట్టుకోవడం లేదు. ఆ తర్వాత దుర్గ్ వెళ్ళి డాక్టరుకి చేతులు చూపించాను. సొంతంగా రెండేసి మాత్రలు వేసుకున్నందుకు నువ్వు తిట్టాల్సిన తిట్లన్నీ ఆయనే తిట్టాడు. ఒకటికి తగ్గించాడు. వాపు తీసింది.

చలి లేని ఊళ్ళో ఉండమన్నాడు. అలాంటి ఊరు నాకొకటి తెలుసన్నాను.

నువ్వు రావద్దు. కమలాకుమారి గారికి క్షమాపణ చెప్పి మళ్ళీ నీ మైక్రోస్కోపు ముందు కూర్చో. పద్దెనిమిదేళ్ళు నువ్వు నా ఊళ్ళో కాపురం చేశావు. ఇక నీ ఊళ్ళో నేను చేస్తాను. రెండు గదుల ఇల్లు చూడు, అమ్మ కూడా వస్తోంది. ఇనుము మంచిచెడ్డలు కంటితో చూసి చెప్పగలిగే పని అక్కడా ఏదో దొరుకుతుంది. దొరికేదాకా నీకు వండి పెడతాను, ఉప్పెక్కువైతే ఊరుకో. పద్నాలుగో తారీకున దుర్గ్‌లో ఎక్కుతున్నాం.

ఒక సంగతి ముందే చెప్పాలి. స్టేషన్లో తెలిస్తే ఏడుస్తావు. కళ్ళు మూసుకోమని డాక్టరు సూదితో ఒక్కో వేలూ పొడిచి చూశాడు. కుడి చేతి చూపుడు వేలికీ, మధ్య వేలికీ నాకు తెలియలేదు. ఆ రెండింటికీ స్పర్శ తిరిగి రాకపోవచ్చన్నాడు.

మిగిలిన ఎనిమిదింటితో వస్తున్నాను.

నీ
ఉమేష్